గోంగూర పచ్చడిని గుర్తుపట్టని కాపలాదారు: పీడబ్ల్యూక్వాలిటీ, ఫెయిల్‌లాక్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది పైసా ఖర్చు లేని సరుకు మీద రివ్యూ. లైనక్స్‌లో యూజర్ పాస్‌వర్డ్ పెట్టుకునేటప్పుడు అది మరీ నాసిరకంగా ఉంటే ఒప్పుకోకుండా అడ్డం తిరిగే పీడబ్ల్యూక్వాలిటీ, తప్పు పాస్‌వర్డ్ పదేపదే కొట్టేవాళ్లని కాసేపు బయట నిలబెట్టే ఫెయిల్‌లాక్, ఈ రెండింటి గురించి. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ ల్యాబ్ సర్వర్ నేను చూసుకుంటాను, పేరు అనవసరం. ఉబుంటు సర్వర్, బ్యాచ్‌లో పిల్లలందరికీ దాని మీద తలా ఒక అకౌంట్, క్లాసులో ఉన్నా హాస్టల్లో ఉన్నా ఎస్ఎస్‌హెచ్‌తో, అంటే నెట్ మీదుగా దూరం నుంచే, లాగిన్ అయి ప్రాక్టీస్ చేసుకుంటారు. అంటే ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టిన మిషన్. లాగ్ ఫైల్ తెరిచి చూస్తే రూట్, అడ్మిన్, టెస్ట్, ఒరాకిల్ లాంటి పేర్లతో ఎక్కడెక్కడి ఐపీల నుంచో లాగిన్ ప్రయత్నాలు రాత్రీ పగలూ వస్తూనే ఉంటాయి. మనమేమీ స్పెషల్ కాదు, పబ్లిక్ ఐపీ ఉన్న ప్రతి సర్వర్‌కీ ఇదే గోల.

ఇటు మన పిల్లల పాస్‌వర్డ్‌లు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా! హీరో పేరు, దాని వెనక పుట్టిన సంవత్సరం. ఊరి పేరు, ఎట్ గుర్తు, 123. లేదంటే సొంత మొబైల్ నంబర్. అకౌంట్ ఇచ్చేటప్పుడు సెంటర్ వాళ్లు పెట్టే మొదటి పాస్‌వర్డ్ అయితే సెంటర్ పేరే, అదీ బ్యాచ్ మొత్తానికీ ఒకటే. రోల్ నంబర్ తెలిస్తే చాలు, పక్కవాడి అకౌంట్ మనదే.

ఇన్‌స్టాల్ చేయడంలో కష్టమేమీ లేదు. ఫెడోరా, రెడ్ హ్యాట్ వాడేవాళ్లకి పీడబ్ల్యూక్వాలిటీ సిస్టమ్‌తో పాటే వస్తుంది. ఉబుంటు, డెబియన్ వాళ్లు మాత్రం విడిగా దించుకోవాలి, ఒక్క ఆప్ట్ కమాండ్ పని, పాస్‌వర్డ్ మార్చే దారిలో తనంతట తనే చేరిపోతుంది. సెట్టింగ్‌లన్నీ ఈటీసీ కింద సెక్యూరిటీ ఫోల్డర్లో ఒకే కాన్ఫ్ ఫైల్లో ఉంటాయి, ప్రతి దాని పక్కనా రెండు ముక్కల వివరణ ఉంటుంది, ఇంగ్లీషు చదవగలిగితే చాలు. కనీస పొడవు మిన్‌లెన్, మామూలుగా 8 ఉంటుంది, 6 కంటే కిందకి దింపుతానంటే ఒప్పుకోదు. ఇంతవరకూ బాగానే ఉంది.

తల తిరిగేది క్రెడిట్ల దగ్గర. డీక్రెడిట్ అంకెలకి, యూక్రెడిట్ పెద్ద అక్షరాలకి, ఎల్‌క్రెడిట్ చిన్న అక్షరాలకి, ఓక్రెడిట్ గుర్తులకి. మైనస్ 1 అని పెడితే "కనీసం ఒక అంకె ఉండాల్సిందే" అని అర్థం. మైనస్ మర్చిపోయి ఉత్త 1 పెట్టారనుకోండి, అర్థం తిరగబడుతుంది: అంకె ఉంటే పొడవులో ఒక మార్కు కలుపుతా అని. అంటే 8 అక్షరాలు అడిగిన చోట అంకె ఉన్న 7 అక్షరాల పాస్‌వర్డ్ దర్జాగా లోపలికి వస్తుంది. గట్టి చేద్దామని పెట్టిన సెట్టింగ్ ఉన్నదాన్ని వదులు చేస్తుంది, పైగా ఎర్రర్ ఏమీ రాదు, కాబట్టి ఎవరికీ తెలియదు. నెట్‌లో కాపీ కొట్టిన కాన్ఫ్ ఫైళ్లలో ఈ మైనస్ ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఒకే మీటకి ప్లస్‌లో ఒక పని, మైనస్‌లో ఇంకో పని పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఇందుకు నేను ఒక అర మార్కు కోసేశా.

అసలు పెద్ద అక్షరం, అంకె, గుర్తు తప్పనిసరి అనే రూలే ఇప్పుడు పాతబడింది. అమెరికాలో ప్రమాణాలు రాసే నిస్ట్ సంస్థ తరఫున 2003లో ఆ సలహాలు రాసిన బిల్ బర్ అనే ఆయనే 2017లో పత్రికతో మాట్లాడుతూ అందులో చాలావాటికి ఇప్పుడు చింతిస్తున్నానన్నాడు. అదే 2017లో నిస్ట్ కూడా రూటు మార్చింది, గుర్తులూ అంకెలూ అంటూ బలవంతం వద్దు, ఊరికే మూడు నెలలకోసారి మార్చమనడం వద్దు, పొడవు ముఖ్యం, ఇప్పటికే లీకైన పాస్‌వర్డ్ అయితే తిరస్కరించండి అంది. మన ఆఫీసులు చాలావాటిలో ఇంకా పాత పాటే. దాని ఫలితం ఏంటో మీకూ తెలుసు: అమీర్‌పేట్@123. పెద్ద అక్షరం ఉంది, చిన్నవి ఉన్నాయి, గుర్తుంది, అంకెలున్నాయి, నాలుగు రూళ్లూ ఓకే. ఆ పేటలో కాలు పెట్టిన ఎవడైనా మొదటి ఐదు ప్రయత్నాల్లో ఇదే కొడతాడు.

ఇప్పుడు ఈ రివ్యూలో నేను అసలు చెప్పాలనుకున్న సంగతికి వస్తా. పీడబ్ల్యూక్వాలిటీ పొడవు ఒక్కటే చూడదు, క్రాక్‌లిబ్ అనే నిఘంటువుతో కూడా సరిచూస్తుంది. దీన్ని అలెక్ మఫెట్ అనే బ్రిటిష్ ఆయన రాశాడు, పాస్‌వర్డ్‌లు పగలగొట్టే క్రాక్ అనే ప్రోగ్రామ్ రాసిందీ ఆయనే, కాబట్టి దొంగ ఎలా ఆలోచిస్తాడో తెలిసిన మనిషి. ఇంగ్లీషు మాటల విషయంలో పని బాగా చేస్తుంది. "పాస్‌వర్డ్" అని కొడితే ఆపుతుంది, మధ్యలో ఓ బదులు సున్నా పెడితే ఆపుతుంది, తిరగేసి రాసినా ఆపుతుంది. ఇంకా తమాషా ఏంటంటే రెండక్షరాలు, ఆరంకెలు, చివర ఒక అక్షరం ఉన్న పాస్‌వర్డ్ ఇస్తే "ఇది నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్లా ఉంది" అని తిప్పికొడుతుంది. బ్రిటన్లో ఉద్యోగులకి ఇచ్చే నంబర్ అది. వాళ్ల దేశం అలవాటు వాళ్లకి తెలుసు కాబట్టి పెట్టుకున్నారు, తప్పులేదు.

మరి మన అలవాట్ల సంగతి? గోంగూరపచ్చడి అని ఇంగ్లీషు అక్షరాల్లో, అన్నీ చిన్నవే, అంకె లేదు గుర్తు లేదు, ఎనిమిది అక్షరాల రూలు మీద కొట్టి చూడండి. ఆ నిఘంటువు నోరెత్తదు. బండి నంబర్ కొట్టండి, ఏపీ అనో టీఎస్ అనో మొదలయ్యే రెండక్షరాలు, రెండంకెలు, మళ్లీ రెండక్షరాలు, నాలుగంకెలు, దానికి అదేదో గొప్ప కలగాపులగంలా కనిపిస్తుంది. పాన్ నంబర్ కూడా అంతే, ఐదక్షరాలు, నాలుగంకెలు, ఒక అక్షరం. బ్రిటన్ వాడి నంబర్‌ని ఆపే కాపలాదారుకి మన పాన్ కార్డు ముఖం తెలియదు. ఇక్కడ పాన్ నంబర్ జిరాక్స్ షాపులో కూడా దొరికే వస్తువు.

"తెలుగు మాటలు హ్యాకర్లకేం తెలుసు" అనుకునేవాళ్లు చాలామంది. తెలుసండీ. పాస్‌వర్డ్ పగలగొట్టేవాళ్లు నిఘంటువులు పట్టుకుని కూర్చోరు, లీకైన అసలు పాస్‌వర్డ్‌ల జాబితాలు పట్టుకుంటారు. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు ఏ ముసుగూ లేకుండా బయటపడ్డాయి, అందులో నంబర్ వన్ 123456, అదొక్కటే 2,90,731 మంది పెట్టుకున్నారు. ఆ తర్వాత ఎన్ని లీకులు, అందులో మనవాళ్లవి ఎన్ని! మన దేవుళ్లు, మన హీరోలు, మన ఊళ్లు అన్నీ ఆ జాబితాల్లోకి ఎప్పుడో ఎక్కాయి. అంటే దాడి చేసేవాడికి తెలుగు వచ్చు, కాపలాదారుకే రాదు.

దీనికి మందు ఆ కాన్ఫ్ ఫైల్లోనే ఉంది, పేరు బ్యాడ్‌వర్డ్స్. స్పేస్ ఇచ్చుకుంటూ మాటలు రాసుకుంటూ పోతే, ఆ మాట పాస్‌వర్డ్‌లో ఎక్కడున్నా, తిరగేసి ఉన్నా సరే, ఒప్పుకోదు. కానీ తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి మనకో పద్ధతి అంటూ ఏడిస్తే కదా. వెంకటేశ్వరుడికి ఒకడు ఎస్ ఒక్కటే పెడతాడు, ఇంకొకడు ఎస్‌హెచ్ పెడతాడు, డబ్ల్యూ ఒకడిది, వీ ఇంకొకడిది. లక్ష్మికి కే ఎస్‌హెచ్ రాసేవాళ్లు కొందరు, ఎక్స్ రాసేవాళ్లు కొందరు. అందుకే పూర్తి పేరు పెట్టకుండా అందరూ ఒకేలా రాసే మొదటి ముక్క పెట్టాలి, "వెంకట్" వరకూ రాస్తే చాలు, వెనకాల ఎవడెలా రాసుకున్నా దొరికిపోతాడు. అలాగని మరీ చిన్న ముక్క పెట్టకండి. "రామ" అని నాలుగక్షరాలు పెడితే డ్రామా, పనోరమా కూడా నిషేధమైపోతాయి, "రవి" పెడితే గ్రావిటీ పోతుంది. పిల్లలు మంచి పాస్‌వర్డ్ పెట్టినా తిట్లు తింటారు, మనం కూడా తింటాం. ఇంకో లోటు, అక్షరం బదులు అంకె పెట్టే ట్రిక్కుని ఈ జాబితా పట్టుకోదు, క్రాక్‌లిబ్ చేసేపాటి తెలివి దీనికి లేదు.

ఓపికుంటే తెలుగు మాటల ఫైలొకటి తయారుచేసి క్రాక్‌లిబ్ నిఘంటువులోనే కలిపేయొచ్చు, ఉబుంటులో అప్‌డేట్-క్రాక్‌లిబ్ అనే కమాండ్ ఉంది. మేం సెంటర్ పేరు, చుట్టుపక్కల పేటలు, మైత్రీవనం, జిల్లాల పేర్లు, హీరోల పేర్లు, దేవుళ్ల పేర్లు, కోర్సుల పేర్లు బ్యాడ్‌వర్డ్స్‌లో పడేశాం, దాంతోనే తేడా కనిపించింది. మిన్‌లెన్ 14 చేశాం. 14 ఎందుకంటే, మొబైల్ నంబర్ 10, పాన్ 10, బండి నంబర్ 10, ఆధార్ 12, అన్నీ ఒక్క దెబ్బకి బయటికి పోతాయి. మ్యాక్స్‌సీక్వెన్స్ 3 పెడితే చివర 12345 అని సాగదీసే వాళ్లకి కూడా దారి మూసుకుంటుంది. క్రెడిట్లన్నీ సున్నా. గుర్తులు పెట్టమని ఎవర్నీ అడగడం లేదు.

తెలుగు లిపిలోనే పాస్‌వర్డ్ పెడితే పోలా అని అడిగిన వాళ్లున్నారు. వద్దు బాబూ. నల్లటి టెక్స్ట్ స్క్రీన్ మీద లాగిన్ అవ్వాల్సి వచ్చినరోజు తెలుగు టైప్ చేయడం కుదరదు. పైగా ఇది అక్షరాలు కాదు, బైట్లు లెక్కపెడుతుంది. కంప్యూటర్ అక్షరాలు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక తెలుగు అక్షరానికి మూడు బైట్లు కాబట్టి మూడక్షరాలకే తొమ్మిది లెక్క వస్తుంది, పొడవు రూలుకి అర్థమే ఉండదు.

ఒక పెద్ద మెలిక: అడ్మిన్ కూర్చుని వేరేవాళ్ల పాస్‌వర్డ్ మార్చేటప్పుడు పీడబ్ల్యూక్వాలిటీ ఊరికే "బ్యాడ్ పాస్‌వర్డ్" అని గొణిగి వదిలేస్తుంది, ఆపదు. రూట్ అంటే, అన్ని అధికారాలూ ఉన్న అడ్మిన్ అకౌంట్ అంటే, దానికంత భయం. ఆపాలంటే ఎన్‌ఫోర్స్-ఫర్-రూట్ అనే గీత విడిగా తెరవాలి. రెండోది, ఇది చూసేది పాస్‌వర్డ్ మార్చే క్షణంలోనే, ఇవాళ ఇన్‌స్టాల్ చేశారు కదా అని నిన్నటి చెత్త పాస్‌వర్డ్‌లు మారిపోవు. అందుకని చేజ్ కమాండ్‌తో అందరి అకౌంట్లకీ గడువు సున్నా చేసి, తర్వాతి లాగిన్‌లో మార్చుకుని తీరాలని పెట్టాం.

ఆ రోజు ల్యాబ్ చూడాల్సింది. లాగిన్ అవ్వగానే "మీ పాస్‌వర్డ్ గడువు తీరింది" అని వస్తుంది, వెంటనే కరెంట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇప్పుడే కదా కొట్టాం అని పిల్లలు అక్కడే కొత్తది కొట్టేస్తారు, కనెక్షన్ పోతుంది. సరే, పాతది కొట్టి కొత్తదాని దగ్గరికి వచ్చారనుకోండి, టైప్ చేస్తుంటే స్క్రీన్ మీద చుక్క కూడా పడదు, "సార్ కీబోర్డ్ పనిచేయట్లేదు" అని నాలుగు మూలల నుంచీ కేకలు. దాన్నీ దాటితే, ఇది తప్పులన్నీ ఒకేసారి చెప్పదు, ఒక్కోసారి ఒక్కటే చెబుతుంది. పొడవు చాలదు అంటుంది, పెంచితే నిషేధించిన మాట ఉందంటుంది, మూడో తప్పుకి బయటికి గెంటేస్తుంది. ఏం కావాలో ముందే చెప్పి ఏడవచ్చు కదా అని ఒకమ్మాయి అంది, కరెక్టే. బోర్డు మీద రూళ్లు రాసిపెడితే సగం గోల తగ్గింది.

కొత్త పాస్‌వర్డ్ పెట్టించడంలో ఇంకో లాభం ఉంది. పాస్‌వర్డ్ దాచే పద్ధతి కూడా అప్పుడే కొత్తదవుతుంది. డెబియన్ 11, ఉబుంటు 22.04 నుంచి వై-ఈ-ఎస్-క్రిప్ట్ అనేది వాడుతున్నారు, పాస్‌వర్డ్‌లు దాచి ఉంచే షాడో ఫైల్లో డాలర్ వై డాలర్ అని మొదలైతే అదే. పాత మిషన్ నుంచి అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చినవాళ్లకి డాలర్ 6 డాలర్ అని ఉంటుంది, యూజర్ పాస్‌వర్డ్ మార్చుకునేదాకా అలాగే పడి ఉంటుంది. కొత్తది మెమరీ బాగా తినేలా చేశారు కాబట్టి ఫైల్ దొంగిలించినవాడికి గ్రాఫిక్ కార్డులు పెట్టి వేగంగా ఊహించడం కష్టమవుతుంది.

ఈ తిప్పలు ఈనాటివి కావు. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ యూనిక్స్ యూజర్లవి 3,289 పాస్‌వర్డ్‌లు పోగేసి చూస్తే, మరీ పొట్టివో నిఘంటువులో దొరికేవో అయినవి 2,831 తేలాయి, నూటికి 86. మనవాళ్లు మాత్రమే ఇలా అని తిట్టుకోనక్కర్లేదన్నమాట. 1988లో ఇంటర్నెట్‌ని అతలాకుతలం చేసిన వర్మ్ (తనంతట తనే మిషన్ నుంచి మిషన్‌కి పాకే ప్రోగ్రామ్) కూడా తన వెంట 432 మాటల పాస్‌వర్డ్ జాబితా పట్టుకుని తిరిగింది. దాన్ని రాసినవాడు ఆ రాబర్ట్ మోరిస్ గారి సొంత కొడుకు. ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకున్నారో మరి.

ఫెయిల్‌లాక్ గురించి తక్కువే చెబుతా. లైనక్స్‌లో లాగిన్, పాస్‌వర్డ్ తనిఖీలు చూసుకునే పామ్ అనే వ్యవస్థలో 2020లో 1.4.0తో చేరింది, అంతకుముందున్న ట్యాలీ మాడ్యూళ్లకి బదులు. మామూలుగా 15 నిమిషాల్లో మూడు తప్పులు కొడితే 10 నిమిషాలు ఆ అకౌంట్ బంద్. రెడ్ హ్యాట్ వైపు ఆథ్‌సెలెక్ట్ ఒక్క కమాండ్‌తో పెట్టేస్తుంది. మా ఉబుంటులో పామ్ ఫైళ్లలో చేత్తో గీతలు చేర్చాల్సి వచ్చింది, వరుస తప్పితే అసలు ఎవరూ లాగిన్ కాలేరు, కాబట్టి ఇంకో టెర్మినల్‌లో రూట్‌గా లాగిన్ అయి ఉంచుకుని గానీ ఆ ఫైల్ ముట్టుకోవద్దు. ఇది నేను అందరికీ చెప్పే మాట.

దీనితో వచ్చిన అసలు తలనొప్పి పిల్లల దగ్గరే. పక్కవాడి రోల్ నంబర్‌తో మూడుసార్లు చెత్త కొడితే వాడు పది నిమిషాలు లోపలికి రాలేడని కనిపెట్టడానికి వాళ్లకి ఎంతోసేపు పట్టలేదు. ల్యాబ్ టెస్ట్ రోజు ఒకడు ఇంకొకణ్ణి లాక్ చేయడం, వాడు నా దగ్గరికి పరుగెత్తుకురావడం, నేను ఫెయిల్‌లాక్ రీసెట్ కొట్టడం, ఇదే పని. ఎన్ని తప్పులకి లాక్ చేయాలో చెప్పే డినై సంఖ్యని 3 నుంచి 10కి పెంచి, లాక్ టైమ్ తగ్గించాక గానీ ప్రశాంతత రాలేదు. 14 అక్షరాల పాస్‌వర్డ్‌ని పది ప్రయత్నాల్లో ఎవడూ కొట్టలేడు కాబట్టి నష్టమేమీ లేదు. లెక్కలు దాచే చోటు కూడా రన్ ఫోల్డర్ కింద ఉంటుంది, సర్వర్ రీబూట్ అయితే అన్నీ మాఫీ. బయటి నుంచి యూజర్ పేర్లు మార్చుకుంటూ కొట్టేవాళ్లకి ఇది సరిపోదు, అకౌంట్‌ని కాకుండా ఐపీని ఆపే ఫెయిల్‌టుబ్యాన్ కూడా పక్కన పెట్టుకోవాలి.

పిల్లలకి ఏం పాస్‌వర్డ్ పెట్టుకోమని చెప్పాలి మరి? సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి రాయమంటున్నాం, తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో. సామెత మాత్రం వద్దు. "అడుసు తొక్కనేల కాలు కడగనేల" పొడవుగానే ఉంటుంది, రూళ్లన్నీ పాసవుతుంది, కానీ అందరి నోట్లోనూ ఉన్నదే కదా. పాట పల్లవులూ అంతే. ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ 1995లో డైస్‌వేర్ అని ఒక పద్ధతి పెట్టాడు, 7,776 మాటల పట్టిక, పాచిక ఐదుసార్లు వేస్తే ఒక మాట తేలుతుంది, అలా ఐదారు మాటలు. మనసులో అనుకుంటే మనిషి మళ్లీ అమ్మ, ప్రేమ, దేవుడు దగ్గరికే పోతాడు, పాచికకి ఆ జబ్బు లేదు. తెలుగు పట్టిక ఎవరైనా కూర్చుని చేస్తే బాగుండు. అప్పటిదాకా సొంతంగా ఆలోచించే ఓపిక లేనివాళ్లకి పీడబ్ల్యూమేక్ అనే కమాండ్ పాస్‌వర్డ్ తయారుచేసి ఇస్తుంది, గుర్తుపెట్టుకోవడం మన తంటా.

మార్కులు: పీడబ్ల్యూక్వాలిటీకి ఐదుకి మూడున్నర. క్రెడిట్ల గందరగోళానికి అర, తప్పులు ఒక్కోటి చెప్పే సతాయింపుకి అర, గోంగూరకి అర. బ్యాడ్‌వర్డ్స్ నింపకుండా వాడేటట్టయితే రెండే ఇస్తా. ఫెయిల్‌లాక్‌కి మూడు, రెడ్ హ్యాట్ వాళ్లు నాలుగు వేసుకోండి. ఇంట్లో ఒక్కరే వాడుకునే ల్యాప్‌టాప్‌కి ఈ రెండూ పెద్దగా అక్కర్లేదు, అక్కడ భయం వేరే, ల్యాప్‌టాప్ ఎత్తుకుపోయినవాడు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి లాగిన్ జోలికి పోకుండానే ఫైళ్లు తీసుకుంటాడు, దానికి డిస్క్ మొత్తాన్ని లక్స్‌తో ఎన్‌క్రిప్ట్ చేసుకోవాలి. పాస్‌వర్డ్‌ని బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లకి ఏ సాఫ్ట్‌వేరూ లేదు.

సుడో కమాండ్‌తో అడ్మిన్ పనులు చేయగలిగే అకౌంట్లకి, అంటే నాకూ ఫ్యాకల్టీకీ, ఎస్ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్ లాగిన్ తీసేసి కీ (సొంత కంప్యూటర్లో దాచుకునే రహస్య ఫైల్) మాత్రమే ఉంచాం. ఎస్ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో మ్యాచ్ యూజర్ అని రాసి కింద పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ నో అంటే కొందరికే వర్తిస్తుంది, పిల్లలకి మామూలుగానే ఉంటుంది. సుడో కొట్టినప్పుడు మాత్రం పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంటుంది, కాబట్టి సార్లు కూడా 14 అక్షరాల రూలు తప్పించుకోలేరు. ఈ విషయంలో ఒక సీనియర్ ఫ్యాకల్టీ ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు.